మలేషియా ఉద్యోగం వచ్చిందా? జీతం కంటే ముందు పాస్ సంగతి చూడండి

"కౌలాలంపూర్‌లో నెలకు 8 వేల రింగిట్లు ఇస్తామంటున్నారు, వెళ్లొచ్చా?" అని అడిగేవాళ్లు ఈమధ్య బాగా కనిపిస్తున్నారు. అడిగేలోపే వాళ్లు ఒక లెక్క వేసేసుకుని ఉంటారు. రింగిట్ అంటే 20 రూపాయల పైమాటే, 8 వేలంటే లక్షా అరవై వేలు దాటుతుంది, ఇక్కడ వస్తున్నదానికంటే ఎక్కువే, కాబట్టి వెళ్లిపోవడమే. ఆ లెక్క తప్పని అనను, కాకపోతే అది ఆఖర్న వేయాల్సిన లెక్క. మలేషియాలో మీకు ఇల్లు దొరకడం, బ్యాంకు ఖాతా తెరవడం, భార్యాపిల్లలు వచ్చి మీతో ఉండగలగడం, పిల్లల బడి, చివరికి తిరిగి వచ్చేటప్పుడు ఆఖరి నెల జీతం చేతికి అందడం, ఇవన్నీ ఒక్క అనుమతి మీదే ఆధారపడి ఉంటాయి. దాన్నే అక్కడ పాస్ అంటారు. వీసా వేరు, పాస్ వేరు. వీసా దేశంలోకి రావడానికి, పాస్ అక్కడ ఉండి ఫలానా పని చేయడానికి. ఆ పాస్ ఏ రకందో, ఎంతకాలానిదో, ఎవరి పేరు మీద నడుస్తుందో తెలిస్తే మిగతా చిక్కులన్నీ ఒక వరుసలోకి వస్తాయి. అందుకని అక్కడినుంచే మొదలుపెడదాం.

ముందు ప్రమాదకరమైన అపోహ ఒకటి తీసేయాలి. 2023 డిసెంబర్ 1 నుంచి మలేషియా భారతీయులను వీసా లేకుండా 30 రోజులు రానిస్తోంది, ఆ తర్వాత దాన్ని పొడిగిస్తూ వచ్చింది. ప్రయాణానికి మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపితే చాలు, దానికి పైసా ఖర్చు లేదు (డబ్బు అడిగే వెబ్‌సైట్ కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు). ఈ సౌకర్యం చుట్టపు చూపుకు, ఊళ్లు తిరిగి చూడడానికి ఇచ్చింది. దాన్ని అడ్డం పెట్టుకుని కొందరు ఏజెంట్లు "ముందు ఫ్లైటెక్కేయ్, అక్కడికి పోయాక పర్మిట్ మేం చేయిస్తాం" అంటూ పల్లెల్లో కుర్రాళ్ల దగ్గర లక్షలు వసూలు చేస్తున్నారు. ఆ 30 రోజుల స్టాంపు మీద ఒక్క రోజు పనిచేసినా అది నేరమే. గడువు దాటి ఉండిపోతే ఇమిగ్రేషన్ చట్టం కింద 10 వేల రింగిట్లకు తగ్గని జరిమానా, ఐదేళ్ల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ఒకసారి అలా ఇరుక్కున్న మనిషికి జీతం ఎగ్గొట్టినా, కొట్టినా పోలీసు దగ్గరికి పోయే ధైర్యం ఉండదు. ఏజెంటుకు కావాల్సింది కూడా అదే.

పదో తరగతి పాస్ కాని వాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ (వలస తనిఖీ అవసరమైన) రకంలోకి వస్తుంది. అలాంటి పాస్‌పోర్టుతో ఉద్యోగానికి వెళ్లాలంటే ముందుగా భారత ప్రభుత్వం క్లియరెన్స్ తీసుకోవాల్సిన దేశాలు 18 ఉన్నాయి. చాలామంది అవన్నీ గల్ఫ్ దేశాలేనని అనుకుంటారు, కానీ మలేషియా, థాయిలాండ్, ఇండోనేషియా కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఈ పని ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో జరుగుతుంది, హైదరాబాద్‌లో ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం కూడా ఉంది. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో అదే సైట్‌లో చూసుకోవచ్చు. లైసెన్సున్న ఏజెంటు సర్వీసు చార్జీగా 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. లక్షన్నర, రెండు లక్షలు అడుగుతున్నాడంటే ఇక ఆ మనిషితో మాట్లాడాల్సిన అవసరమే లేదు. తెలంగాణ వాళ్లకు ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్, ఆంధ్ర వాళ్లకు ఏపీఎన్‌ఆర్‌టీఎస్ ఉన్నాయి, సందేహం ఉంటే ముందు అక్కడ అడగండి.

పాస్‌లో తరగతులు, దాని వెనకే కుటుంబం

ఆఫీసు ఉద్యోగాలకు వెళ్లేవాళ్లకు ఇచ్చేది ఎంప్లాయ్‌మెంట్ పాస్. దానికి దరఖాస్తు పెట్టేది మీరు కాదు, కంపెనీ. అనుమతి వచ్చాక మీరు బయల్దేరాలి. "వచ్చేయండి, ఇక్కడికి వచ్చాక చూద్దాం" అని పెద్ద కంపెనీ హెచ్‌ఆర్ వాళ్లు చెప్పినా ఒప్పుకోకండి.

ఈ పాస్‌లో మూడు తరగతులు. చాలా ఏళ్లు నడిచిన లెక్క ఇది: నెల జీతం 10 వేల రింగిట్లు, ఆపైన ఉంటే మొదటి తరగతి, ఐదేళ్ల దాకా ఇస్తారు. 5 వేల నుంచి 10 వేల లోపు ఉంటే రెండోది, రెండేళ్ల దాకా. 3 వేల నుంచి 5 వేల లోపు ఉంటే మూడోది, ఏడాది మించదు, దాని మీద కుటుంబాన్ని తెచ్చుకునే వీలు ఉండేది కాదు. ఈ మెట్లను 2026 జూన్ 1 నుంచి 20 వేలు, 10 వేలు, 5 వేలకు పెంచుతున్నట్టు మలేషియా ప్రభుత్వం ప్రకటించింది. అంటే మొదట చెప్పిన 8 వేల జీతం పాత లెక్కలో రెండో తరగతి, కొత్త లెక్కలో మూడో తరగతి. అదే జీతానికి అదే ఉద్యోగం చేస్తున్నా తరగతి కిందికి దిగిపోతుంది. కాబట్టి ఆఫర్ లెటర్ చేతికి రాగానే హెచ్‌ఆర్‌ను మూడు ప్రశ్నలు మెయిల్‌లో అడగండి, ఫోన్‌లో కాదు. నా పాస్ ఏ తరగతి, ఎంతకాలానికి? దాన్ని లెక్కించడానికి మూల జీతమే చూస్తారా, అలవెన్సులు కూడా కలుపుతారా? కుటుంబం పాసులు నాతోపాటే వస్తాయా, తర్వాతా, వాటి ఖర్చు ఎవరిది?

భార్యకో భర్తకో వచ్చే డిపెండెంట్ పాస్ మీద అక్కడ ఉండొచ్చు, పిల్లలు చదువుకోవచ్చు, కానీ దాని మీద ఉద్యోగం చేయకూడదు. చేయాలంటే ఆ మనిషికి కూడా ఒక కంపెనీ దొరికి, సొంతంగా ఎంప్లాయ్‌మెంట్ పాస్ రావాలి. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తున్న జంటలు ఈ సంగతిని బయల్దేరడానికి నెల ముందు తెలుసుకుని గొడవపడడం నేను చూశాను. హైదరాబాద్‌లో ఆమెకు వచ్చే జీతం కూడా కలిపి చూస్తే చాలా ఆఫర్లు లాభం కాదు, నష్టం. మీ ఇంట్లో ఇది నిజమైతే ఆఫర్ మీద బేరం ఆడాల్సింది అప్పుడే, ఆ జీతం పోతోందని చెప్పి మరీ అడగండి. పరాయి దేశపు కంపెనీకి ఆన్‌లైన్‌లో పనిచేసేవాళ్లకు 2022 నుంచి డీఈ రాంతౌ అనే నోమాడ్ పాస్ ఇస్తున్నారు. టెక్ రంగంలో ఏడాదికి 24 వేల డాలర్లు, మిగతా రంగాల్లో 60 వేల డాలర్లు దాటి సంపాదన ఉండాలి, ఏడాది దాకా ఇచ్చి ఇంకో ఏడాది పొడిగిస్తారు. అందరికీ సరిపోదు గానీ ఐటీ జంటలు ఒకసారి చూడాల్సిన దారి. అమ్మానాన్నలను ఎక్కువ కాలం ఉంచుకోవాలంటే అది వేరే పాస్, లాంగ్ టర్మ్ సోషల్ విజిట్ పాస్ అంటారు.

ఇంకో చిన్న సంగతి. మలేషియా రెండు ముక్కలు. బోర్నియో దీవి మీదున్న సబా, సరవాక్ రాష్ట్రాలకు సొంత ఇమిగ్రేషన్ అధికారాలున్నాయి, కౌలాలంపూర్ వాళ్లు అక్కడ ఉద్యోగం చేయాలన్నా పర్మిట్ ఉండాల్సిందే. మీ పాస్ ద్వీపకల్పానికి ఇచ్చినదైతే, ఆయిల్ గ్యాస్ ప్రాజెక్టని సరవాక్‌లోని బింతులుకు పంపించినా, సాఫ్ట్‌వేర్ పెట్టిరమ్మని కుచింగ్ పంపించినా, అక్కడ పనికి విడిగా అనుమతి ఉందా అని అడిగాకే టికెట్ తీసుకోండి.

పాస్‌పోర్టు ఎవరికీ ఇచ్చి ఉంచకండి. పాస్ పని మీద కొన్నాళ్లు కంపెనీ తీసుకోవచ్చు, రసీదు తీసుకుని ఇవ్వండి, పని అయ్యాక వెనక్కి అడగండి. ఇంకొకరి పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోవడం మలేషియాలో 1966 పాస్‌పోర్టు చట్టం ప్రకారం నేరం. "మా కంపెనీ పద్ధతి అంతే" అనే మాటకు చట్టంలో చోటు లేదు.

పన్ను: ఏ నెలలో దిగుతున్నారన్నదే అసలు విషయం

మనవాళ్లు తెలియక ఎక్కువ డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే, అందుకని దీన్ని నెమ్మదిగా చూద్దాం. మలేషియా పన్ను ఏడాది జనవరి నుంచి డిసెంబర్. ఆ ఏడాదిలో 182 రోజులు, అంతకు మించి ఆ దేశంలో ఉన్నవాళ్లు రెసిడెంట్లు. వాళ్లకు ఆదాయం పెరిగేకొద్దీ సున్నా నుంచి 30 శాతం దాకా మెట్లు మెట్లుగా పన్ను పడుతుంది, మినహాయింపులు ఉంటాయి. ఆ రోజులు నిండని వాళ్లు నాన్ రెసిడెంట్లు. వాళ్ల జీతం మీద మొదటి రింగిట్ నుంచే 30 శాతం, ఏ మినహాయింపూ ఉండదు.

అదే 8 వేల జీతం తీసుకోండి. ఏడాదికి 96 వేలు. రెసిడెంటుకు వ్యక్తిగత మినహాయింపు 9 వేలు పోగా 87 వేలు, దాని మీద పన్ను 6,930 రింగిట్లు, నెలకు 580 లోపే. నాన్ రెసిడెంటుకు నెలకు 2,400. తేడా నెలకు 1,800 పైన, ఒక మోస్తరు ఫ్లాటు అద్దె అంత డబ్బు.

ఇప్పుడు క్యాలెండర్ చూడండి. ఆగస్టు 1న దిగిన మనిషికి డిసెంబర్ 31 దాకా 153 రోజులే. జులై 3 దాటాక దిగిన ఎవరికైనా ఆ ఏడాది 182 రోజులు నిండవు. అలాంటివాళ్లకు చాలా కంపెనీలు మొదటి నెలల్లో 30 శాతం కోసేస్తాయి, అంతవరకు అది నిబంధన ప్రకారమే. చాలామందికి తెలియనిది ఆ తర్వాతి నిబంధన. తర్వాతి ఏడాదిలో మీరు వరసగా 182 రోజులు, అంతకు మించి ఉండి, ఆ ఉండడం ఈ ఏడాది చివరి భాగంతో తెగకుండా కలిస్తే, ఈ ఏడాదికి కూడా మిమ్మల్ని రెసిడెంటుగానే లెక్కిస్తారు. మధ్యలో ఆఫీసు పని మీద బయటికి వెళ్లినా, మీకో దగ్గరి కుటుంబ సభ్యులకో ఒంట్లో బాగోలేక వెళ్లినా ఆ లంకె తెగదు. ఊరికే ఇంటికి వెళ్లొచ్చిన ప్రయాణాలైతే మొత్తం కలిపి 14 రోజులు మించకూడదు.

ఆ 14 రోజుల దగ్గరే మనవాళ్లు దెబ్బతింటారు. దసరాకు వారం, సంక్రాంతికి రెండు వారాలు వచ్చి వెళ్లారనుకోండి, 21 రోజులయ్యాయి, వేల రింగిట్ల రీఫండ్ చేజారే ప్రమాదం ఉంది. కొత్తగా వెళ్లినవాళ్లకు ఇంటి మీద బెంగ ఉంటుంది, అది సహజం, కానీ ఆ మొదటి సంక్రాంతికి టికెట్ కొనేముందు రోజులు లెక్కపెట్టుకోండి. ప్రతి ప్రయాణానికీ బోర్డింగ్ పాసులు, కంపెనీ ప్రయాణమైతే ఆ మెయిళ్లు, ఆస్పత్రి పని మీద వచ్చి ఉంటే ఆ కాగితాలు దాచుకోండి. ఇంకో చిక్కు ఏమిటంటే ఆ వరస 182 రోజులు పూర్తయ్యేది జులై మొదట్లో, రిటర్న్ గడువేమో అంతకంటే ముందు, ఏప్రిల్ 30. ఈ రెండూ ఎలా కలపాలన్నది మార్చిలోనే టాక్స్ ఏజెంటును అడిగి పెట్టుకోవాలి. కొన్ని వందల రింగిట్లు ఫీజు తీసుకున్నా నా దృష్టిలో అది ఖర్చు కాదు.

ఇక మన వైపు. భారత్‌లో పన్ను ఏడాది ఏప్రిల్ నుంచి మార్చి. ఉద్యోగం కోసం దేశం వదిలి వెళ్లిన పౌరుడు ఆ ఆర్థిక సంవత్సరంలో ఇక్కడ 182 రోజుల కంటే తక్కువ ఉంటే నాన్ రెసిడెంట్ అవుతాడు, మలేషియాలో సంపాదించిన జీతం మీద ఇక్కడ పన్ను ఉండదు. ఆగస్టులో వెళితే ఇటు వైపు బాగానే ఉంటుంది గానీ అటు వైపు 182 నిండదు. నవంబర్‌లో వెళితే రెండు వైపులా ఇబ్బంది: అక్కడ నాన్ రెసిడెంట్, ఇక్కడ రెసిడెంట్, మార్చి దాకా అక్కడ వచ్చిన జీతం కూడా ఇక్కడి రిటర్న్‌లో చూపించాలి. రెండు దేశాల మధ్య పన్ను ఒప్పందం ఉంది కాబట్టి అక్కడ కట్టినదానికి ఇక్కడ సర్దుబాటు దొరుకుతుంది, కానీ కాగితాల పని ఎక్కువ. రెండు క్యాలెండర్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏప్రిల్ నుంచి జూన్ ఆఖరు లోపు దిగినవాళ్లకు రెండు వైపులా లెక్క కుదురుతుంది. చేరే తేదీ మీ చేతిలో ఉంటే, ఆగస్టుకు బదులు జూన్‌లో చేరతానని అడగడం వల్ల మిగిలే డబ్బు జీతం మీద బేరమాడితే వచ్చేదానికంటే ఎక్కువ కావచ్చు.

పీఎఫ్ కూడా ఇక్కడే చెప్పేస్తాను. 2025 అక్టోబర్ జీతం నుంచి విదేశీ ఉద్యోగులకు కూడా అక్కడి ఈపీఎఫ్ తప్పనిసరి చేశారు, మీ జీతంలో 2 శాతం, కంపెనీ మరో 2 శాతం. చిన్న మొత్తమే గానీ దేశం వదిలి వచ్చేటప్పుడు తీసుకోవచ్చు, మరిచిపోయి వచ్చేయకండి.

బయల్దేరేముందు ఇక్కడి బ్యాంకుకు వెళ్లి మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా (ప్రవాసులు ఇక్కడి ఆదాయం ఉంచుకునే ఖాతా) మార్పించుకోండి, అక్కడినుంచి పంపే డబ్బుకు ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరవండి. విదేశీ మారక చట్టం (ఫెమా) నిబంధనల ప్రకారం ఇది చేయాల్సిందే. బ్యాంకుకు, ఆధార్‌కు ఇచ్చిన ఫోన్ నంబరును మాత్రం వదులుకోకండి, చవకైన రీచార్జితో రోమింగ్ ఆన్ చేసి ఉంచండి. ఓటీపీ రాకపోతే ఇక్కడి ఇల్లు, పొలం, లోను, ఎల్‌ఐసీ ఏ పనీ ముందుకు నడవదు.

ఇల్లు

అద్దె ఇల్లు తీసుకోవాలంటే మొదటి రోజు చేతిలో ఎంత ఉండాలో ముందు తెలుసుకోండి. అక్కడి వాడుక రెండు నెలల అద్దె డిపాజిట్, అర నెల అద్దె కరెంటు నీళ్ల డిపాజిట్, ఒక నెల అడ్వాన్సు. అద్దె 2 వేలైతే తాళం చేతికి రావడానికి 7 వేల రింగిట్లు కావాలి, అంటే లక్షా నలభై వేల రూపాయల పైమాటే, అదీ మొదటి జీతం రాకముందు. కంపెనీని రీలొకేషన్ అలవెన్సు అడగడానికి ఈ అంకె చూపించండి.

ఇళ్ల అద్దెలకంటూ ప్రత్యేక చట్టం అక్కడ లేదు, ఏళ్ల తరబడి చర్చలోనే ఉంది. కాబట్టి మీకున్న రక్షణంతా మీరు సంతకం పెట్టే అగ్రిమెంటే. ఆ అగ్రిమెంటుకు స్టాంపు వేయించకపోతే కోర్టులో అది సాక్ష్యంగా పనికిరాదు. 2 వేల అద్దెకు ఏడాది అగ్రిమెంటైతే స్టాంపు డ్యూటీ 96 రింగిట్లు, ఏడాది దాటి మూడేళ్ల లోపైతే 288. సంతకం పెట్టిన 30 రోజుల్లో కట్టాలి, ఆలస్యమైతే జరిమానా పడుతుంది. ఓనర్ "ఎందుకులెండి" అన్నా మీరే కట్టి స్టాంపు సర్టిఫికెట్ తీసుకోండి.

అగ్రిమెంటులో అన్నిటికంటే ముందు వెతకాల్సింది డిప్లొమాటిక్ క్లాజు. ఉద్యోగం పోయినా, బదిలీ అయినా, పాస్ రద్దయినా రెండు నెలల నోటీసుతో ఖాళీ చేయొచ్చు, డిపాజిట్ పోదు అని అందులో రాస్తారు. మామూలుగా మొదటి ఏడాది తర్వాత వర్తించేలా పెడతారు, మీరు ఆరు నెలలకు అడిగి చూడండి. మీ పాస్ గడువు రెండేళ్లే అయినప్పుడు ఈ క్లాజు లేకుండా మూడేళ్ల అగ్రిమెంటు మీద సంతకం పెట్టడం మంచిది కాదు. ఏసీ సర్వీసింగ్ ఎవరి ఖర్చు, చిన్న రిపేర్లు ఎంతవరకు మీవి అన్నవి కూడా చదవండి. సామాను ఉన్న ఫ్లాటైతే తాళం తీసుకున్న రోజే ప్రతి గదినీ, గోడల మీద మరకలతో సహా, వీడియో తీసి ఓనర్‌కూ ఏజెంటుకూ వాట్సాప్‌లో పంపండి. డిపాజిట్ గొడవలన్నీ చివర్లో ఆ మరకల మీదే వస్తాయి. ఏజెంటు మెడలో రిజిస్ట్రేషన్ నంబరుతో ట్యాగు ఉంటుంది, ఆ నంబరును సరిచూసుకోకుండా ఎవరికీ బుకింగ్ డబ్బు పంపొద్దు.

చేదైనా చెప్పాల్సిన విషయం ఒకటుంది. కొన్ని ప్రకటనల్లో ఫలానా జాతి వాళ్లకే అని నేరుగా రాస్తారు, భారతీయులకు ఇవ్వమని ఫోన్‌లో చెప్పేవాళ్లూ ఉన్నారు. వంట వాసన అనో, ఇంకోటి అనో కారణం చెబుతారు. అది అన్యాయం, దాన్ని మర్యాదగా మాట్లాడి మార్చేయలేరు కూడా. దాని మీద టైమ్ పోగొట్టుకోకుండా మొదటి ఫోన్‌లోనే మీరు ఎవరో, ఎంతమందో, ఇంట్లో రోజూ వండుకుంటారనీ చెప్పేయండి. రోజూ పోపు పెట్టే ఇంట్లో "లైట్ కుకింగ్ ఓన్లీ" అని రాసిన ఫ్లాటు తీసుకుంటే ఏడాదంతా టెన్షనే.

ఎక్కడ ఉండాలన్నదానికి నాది ఒకటే సలహా, రైలు స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగే చోటు. మధ్యాహ్నం ఎండ, సాయంత్రం కుండపోత వాన ఏడాదంతా ఉండే ఊరు కౌలాలంపూర్. భారతీయుల పేట బ్రిక్‌ఫీల్డ్స్ పక్కనే కేఎల్ సెంట్రల్ స్టేషన్, మన సరుకుల కొట్లు, గుళ్లు ఉన్నాయి, పాత భవనాలు, ట్రాఫిక్ కూడా ఉన్నాయి. ఐటీ కంపెనీలున్న శివారు పట్టణం సైబర్‌జయాలో ఆఫీసైతే 2023లో ఎంఆర్‌టీ అనే మెట్రో రైలు పుత్రజయ లైను పూర్తయ్యాక ఊళ్లో ఉండి రైల్లో వెళ్లిరావడం కుదురుతోంది. 50 రింగిట్లకు నెలంతా తిరిగే పాస్ మలేషియా పౌరులకే, మన బడ్జెట్‌లో దాన్ని లెక్కపెట్టుకోకూడదు. కారు నడపాలంటే ఇక్కడి ఆర్‌టీఓ దగ్గర ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని వెళ్లండి, అది ఏడాదే పనిచేస్తుంది. రోడ్డుకు ఎడమ వైపే నడపాలి కాబట్టి అలవాటు పడడం కష్టం కాదు.

ఒళ్లు, తిండి, మనుషులు

ప్రభుత్వ ఆస్పత్రుల్లో స్థానికులకు పడే నామమాత్రపు ఫీజు విదేశీయులకు వర్తించదు, మన రేట్లు వేరు, డిపాజిట్ కూడా అడుగుతారు. ప్రైవేటు ఆస్పత్రులు బాగుంటాయి, కానీ చేర్చుకునే ముందు ఇన్సూరెన్సు కంపెనీ నుంచి గ్యారంటీ లెటర్ వచ్చేదాకా ఆపుతారు. కాబట్టి కంపెనీ ఇచ్చే మెడికల్ కార్డులో ఏడాది పరిమితి ఎంత, భార్యాపిల్లలు ఉన్నారా, కాన్పు ఖర్చు వస్తుందా, షుగర్, బీపీ లాంటి పాత జబ్బులు కవరవుతాయా అని ముందే తెలుసుకోండి. డెంగీ అక్కడ ఏడాది పొడవునా ఉంటుంది. జ్వరం రెండో రోజు కూడా తగ్గకపోతే రక్తపరీక్ష చేయించుకోవాలి, పారాసెటమాల్‌తో సరిపెట్టుకోకండి. రోజూ వేసుకునే మందులు తీసుకెళ్తే ప్రిస్క్రిప్షన్ కూడా పెట్టుకోండి. ఎవరో మావాళ్లకివ్వండని ఇచ్చిన పొట్లం మాత్రం, వాళ్లు ఎంత దగ్గరివాళ్లయినా, విప్పి చూడకుండా పట్టుకెళ్లొద్దు. మత్తుమందుల కేసుల్లో తప్పనిసరి మరణశిక్షను 2023లో తీసేశారు గానీ మరణశిక్ష ఇంకా చట్టంలో ఉంది.

శాకాహారులకు ఒక హెచ్చరిక. కూరగాయల వేపుడని తెచ్చిన దాంట్లో కూడా ఎండు రొయ్యల ముద్ద వేసి ఉండొచ్చు, సాంబల్ అనే మిరప పచ్చడిలో దాదాపు తప్పకుండా ఉంటుంది. అరటాకు భోజనం పెట్టే హోటళ్లు, చైనా బౌద్ధుల శాకాహార కొట్లు నమ్మకమైనవి. సోనా మసూరి బియ్యం, ఇంగువ, కందిపప్పు బ్రిక్‌ఫీల్డ్స్‌లో, మస్జిద్ ఇండియా వీధిలో దొరుకుతాయి, సూట్‌కేసు బరువంతా పప్పుల మీద పెట్టకండి. ఆవకాయ, మిక్సీ, కుక్కరు తీసుకెళ్లండి, మూడు చదరపు పిన్నుల సాకెట్లు కాబట్టి ప్లగ్గు అడాప్టర్లు కూడా.

మనం వెళ్లేది మనవాళ్లు లేని దేశానికి కాదు. పెరాక్ రాష్ట్రంలోని బాగన్ దాతో కొబ్బరి తోటల్లోకి బ్రిటిష్ కాలంలో వెళ్లిన తెలుగు కుటుంబాలున్నాయి, వాళ్లలో చాలామంది పూర్వీకులు ఉత్తరాంధ్ర వాళ్లు. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కౌలాలంపూర్‌లోనే. మలేషియా తెలుగు సంఘం ఇప్పటికీ తెలుగు తరగతులు, ఉగాది వేడుకలు జరుపుతోంది. తరాలుగా అక్కడున్న ఈ తెలుగువాళ్లకూ, నిన్న వెళ్లిన ఐటీ కుటుంబాలకూ మధ్య రాకపోకలు తక్కువ, ఇది నాకు చాలా బాధ కలిగించే సంగతి. ఏ డాక్టరు మంచివాడో, ఏ ఏరియాలో వరద వస్తుందో, పోలీసు ఫిర్యాదు ఎలా రాయాలో వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు. పండక్కి పిలవకపోయినా మీరే వెళ్లి పరిచయం చేసుకోండి.

వదిలి వచ్చేటప్పుడు

ఉద్యోగం మానేసినా, తీసేసినా కంపెనీ మీ పాస్ రద్దు చేయిస్తుంది. ఆ పాస్‌ను పట్టుకుని ఇంకో కంపెనీలో చేరలేరు, కొత్త కంపెనీ మళ్లీ మొదటినుంచి దరఖాస్తు పెట్టాలి. మీ పాస్ పోతే కుటుంబం పాసులు కూడా పోతాయి. అందుకని కొత్త ఆఫర్ కాగితం మీద కాదు, కొత్త పాస్‌కు అనుమతి వచ్చే దారి స్పష్టమయ్యాకే రాజీనామా తేదీ వేయండి. నోటీసు గడువు కాంట్రాక్టులో ఎంత రాశారో చూసుకోండి. ఏమీ రాయకపోతే 1955 ఎంప్లాయ్‌మెంట్ చట్టం ప్రకారం రెండేళ్ల లోపు సర్వీసుకు నాలుగు వారాలు, ఐదేళ్ల లోపు ఆరు, ఆపైన ఎనిమిది.

దేశం వదిలి వచ్చేస్తుంటే టాక్స్ క్లియరెన్స్ తప్పదు. మీరు వెళ్లిపోవడానికి కనీసం 30 రోజుల ముందు కంపెనీ సీపీ21 ఫారం పన్ను శాఖకు పంపాలి, క్లియరెన్స్ లెటర్ వచ్చేదాకా, లేదా 90 రోజుల దాకా, మీకు ఇవ్వాల్సిన డబ్బును కంపెనీ ఆపి ఉంచాలి. అది చట్టం, కంపెనీ మోసం కాదు. కానీ సరిగ్గా ఆ నెలలోనే సామాను పంపడానికి, టికెట్లకు, ఇక్కడ కొత్త ఇంటి అడ్వాన్సుకు డబ్బు కావాలి. కాబట్టి రాజీనామా ఇచ్చిన రోజే ఫారం ఎప్పుడు పంపుతారని హెచ్‌ఆర్‌ను అడిగి తేదీ రాయించుకోండి, పాత రిటర్నులన్నీ ఫైల్ చేసి ఉంచండి, రెండు నెలల ఖర్చు విడిగా పక్కన పెట్టుకోండి. మలేషియా బ్యాంకు ఖాతాను ఈ డబ్బు, పన్ను రీఫండు, ఈపీఎఫ్, ఇంటి డిపాజిట్ నాలుగూ వచ్చేదాకా మూసేయకండి. మూసేసి వచ్చేస్తే ఆ డబ్బును ఇక్కడినుంచి రాబట్టుకోవడానికి నెలలు పడుతుంది.